సంఘ సభ్యుల వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

పౌరుల వ్యక్తిగత వివరాల రక్షణ కోసం పార్లమెంటు చేసిన చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని అమలుకు కావలసిన నియమాలు 2025 నవంబర్‌లో గెజిట్‌లో వెలువడ్డాయి. సంస్థలు తమ పద్ధతులు సరిచేసుకోవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ప్రకటించిన ఆ గడువు ప్రకారం 2027 మే నెలలో ముఖ్యమైన బాధ్యతలన్నీ అమల్లోకి రావాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనే పేరు వినగానే మనకు బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, ఆన్‌లైన్ దుకాణాలు గుర్తుకొస్తాయి. మందిరం గుర్తుకు రాదు. అది కూడా గుర్తుకు రావాలని చెప్పడానికే ఈ వారం ఈ మాటలు రాస్తున్నాం.

నూటయాభై కుటుంబాలున్న ఒక సంఘాన్ని తీసుకోండి. సభ్యత్వపు రిజిస్టరులో పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు వేరుగా ఉంటాయి. ట్రెజరరుగారి పుస్తకంలో ఎవరు ఎంత దశమభాగం ఇచ్చారో ఉంటుంది. సండే స్కూల్ టీచరు ఫోన్‌లో పిల్లల ఫొటోలు, వారు చదివే బడుల పేర్లు ఉంటాయి. యవనస్తుల శిబిరానికి వెళ్లినప్పుడు తీసుకున్న ఆధార్ కాపీలు ఎక్కడో ఒక కవరులో ఉంటాయి. పెళ్లి సంబంధాల కోసం పాస్టరుగారికి పంపిన బయోడేటాలు, ఆయన వాట్సాప్‌లోనే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. స్త్రీల సమాజపు గ్రూపులో ప్రార్థన విన్నపాలు వస్తుంటాయి. ఒకరి భర్త తాగుడు, మరొకరి కూతురికి నిలవని గర్భం, ఇంకొకరి ఇంటి అప్పు, స్కానింగ్ రిపోర్టు ఫొటోతో సహా అందులో ఉంటాయి.

ఇంత సమాచారం ఊళ్లో మరే సంస్థ దగ్గరా ఉండదు. బ్యాంకుకు మన అప్పు తెలుసు, కన్నీళ్లు తెలియవు. ఆసుపత్రికి మన జబ్బు తెలుసు, ఇంట్లో గొడవ తెలియదు. సంఘానికి రెండూ తెలుసు. విశ్వాసులు నమ్మి చెప్పుకున్నారు గనుక తెలుసు. ఇప్పుడు ఒక ప్రశ్న అడగండి: వీటన్నిటికీ మీ సంఘంలో బాధ్యులు ఎవరు? చాలాచోట్ల వచ్చే జవాబు, "అందరమూను" అని. కొన్నిచోట్ల "పాస్టరుగారే కదా" అని. ఈ రెండు జవాబులూ సరిపోవని మా అభిప్రాయం.

చట్టం ఏమంటోంది?

ఈ చట్టంలో ఒక మాట దగ్గర కాపరులు, పెద్దలు కాసేపు ఆగాలి. ఇతరుల వివరాలను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అని పిలిచింది. యజమాని అని అనలేదు. ఫిడ్యూషియరీ అంటే మరొకరి సొత్తును నమ్మకంతో చేతికి తీసుకున్నవాడు. మన బైబిలు తెలుగులో దీనికి దగ్గరగా ఉండే మాట గృహనిర్వాహకుడు. సొత్తు అతనిది కాదు, లెక్క మాత్రం అతనే చెప్పాలి. వివరాలు ఎవరివో ఆ వ్యక్తిని చట్టం 'డేటా ప్రిన్సిపల్' అంటుంది, అంటే అసలు హక్కుదారు. తన గురించి ఏమి రాసుకున్నారో తెలుసుకునే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు, అవసరం తీరాక తీసేయమని అడిగే హక్కు ఆ వ్యక్తికి ఉన్నాయి. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. కాబట్టి తెలుగులో అడిగే హక్కు మన పల్లె విశ్వాసికీ ఉంది.

మత సంస్థలకు ప్రత్యేకమైన మినహాయింపేదీ ఈ చట్టంలో లేదు. కంపెనీలతోపాటు వ్యక్తుల సంఘాలు, సమూహాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. రిజిస్టరైన సొసైటీ అయినా, ట్రస్టు అయినా, ఇంట్లో కూడుకునే చిన్న సహవాసమైనా తప్పించుకునే మార్గం వెతకడం వృథా. ఒక వ్యక్తి తన ఇంటి పనికి, సొంత అవసరానికి దాచుకున్న నంబర్లకు మాత్రం ఇది వర్తించదు. అలాగే కేవలం కాగితం మీద ఉన్న రిజిస్టరుకు ఇది వర్తించదు. కానీ ఆ రిజిస్టరు పేజీని ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి గ్రూపులో పెట్టిన క్షణంలో ఆ గీత దాటినట్టే. ఇప్పుడు మన సంఘాల్లో ఫొటో తీయని పేజీ ఎక్కడుంది?

మరో సంగతి. కంప్యూటరు పని తెలిసిన కుర్రవాడికో, బయటి యాప్ కంపెనీకో సభ్యుల జాబితా అప్పగించి, ఇక మాకు సంబంధం లేదనడం కుదరదు. మధ్యలో ఎలాంటి ఒప్పందం ఉన్నా, తన తరఫున పని చేసినవారి పొరపాటుకు కూడా ఫిడ్యూషియరీయే జవాబు చెప్పాలని చట్టం స్పష్టంగా చెప్పింది. సభ్యులు అడిగే ప్రశ్నలకు సంస్థ తరఫున జవాబు చెప్పగల ఒక వ్యక్తిని ఎలా సంప్రదించాలో కూడా ప్రకటించాలని చెప్పింది. ప్రభుత్వం గుర్తించిన పెద్ద సంస్థలకైతే డేటా రక్షణ అధికారి అనే ప్రత్యేక పదవి తప్పనిసరి. చిన్న సంస్థకు ఆ పదవి అక్కరలేదు గానీ, జవాబు చెప్పే మనిషి మాత్రం ఉండాలి.

వివరాలు బయటికి పొక్కకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చని చట్టంలో ఉంది. ఈ అంకె చూపించి సంఘాలను భయపెట్టడం మాకు ఇష్టం లేదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. తప్పు తీవ్రతను, అది ఎంతకాలం సాగిందో, ఎంత త్వరగా సరిదిద్దుకున్నారో చూసే బోర్డు నిర్ణయిస్తుంది. మనం ఆలోచించవలసింది ఇంకొకటి ఉంది. ఆ జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. ఏ సహోదరి గుట్టు రట్టయిందో ఆమెకు ఈ చట్టం కింద ఒక్క రూపాయి పరిహారం రాదు. వివరాలను నిర్లక్ష్యం చేసిన సంస్థల నుంచి పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో ఇంతవరకు ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేస్తుంది. కాబట్టి మన నిర్లక్ష్యం వల్ల ఆమె పోగొట్టుకున్నదాన్ని ఏ బోర్డూ తిరిగి ఇవ్వదు. పోకుండా చూడడమే మన చేతిలో ఉంది.

లేఖనాల్లో బాధ్యతకు పేరుంది

ఇదంతా లోకపు పద్ధతి, సంఘంలోకి ఎందుకు తెస్తారని కొందరు అడగవచ్చు. ఈ పద్ధతి లోకం కంటే ముందు లేఖనాల్లో ఉంది. సంఖ్యాకాండము 4వ అధ్యాయం మనలో చాలామంది త్వరత్వరగా చదివి దాటేసే భాగం. ప్రత్యక్షపు గుడారాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మోయవలసి వచ్చినప్పుడు, లేవీయులందరూ కలిసి ఎత్తండని దేవుడు చెప్పలేదు. కహాతీయులకు పరిశుద్ధ ఉపకరణాలు, గెర్షోనీయులకు తెరలు, మెరారీయులకు పలకలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు అప్పగించాడు. మెరారీయులు మోసే వస్తువులను పేరుపేరునా లెక్కించి అప్పగించమన్నాడు. మేకుకు కూడా ఒక మనిషి ఉన్నాడు. మేకు పోతే ఎవరిని అడగాలో తెలుసు. పైగా గెర్షోనీయుల పని మీదా మెరారీయుల పని మీదా ఈతామారు, పరిశుద్ధ వస్తువుల మీద ఎలియాజరు విచారణకర్తలుగా ఉన్నారు.

ఆ అధ్యాయంలోనే ఇంకొక విషయం ఉంది. కహాతీయులు మందసాన్ని మోయాలి, కానీ దాన్ని ముట్టకూడదు, చూడకూడదు. ముందుగా అహరోను, అతని కుమారులు దాన్ని కప్పి ఇస్తేనే వారు భుజానికెత్తుకోవాలి. మోసేవాడికి లోపలున్నది చూసే అధికారం తనంతట తాను రాదన్నమాట. ఇప్పటి డేటా రక్షణలో నిపుణులు చెప్పే మొదటి సూత్రం ఇదే. కంప్యూటరు బాగుచేసే అబ్బాయికి కానుకల లెక్క చదవవలసిన పని లేదు. పాటల గ్రూపు నడిపే సహోదరుడికి బాప్తిస్మపు రిజిస్టరుతో పని లేదు. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే వారి కళ్ల ముందు ఉండాలి.

ఎజ్రా 8వ అధ్యాయం అప్పగింతల గురించి మాట్లాడుతుంది. బబులోను నుంచి యెరూషలేముకు దేవుని మందిరపు వెండి, బంగారం, పాత్రలు తీసుకువెళ్లాలి. దారిలో శత్రువుల భయం ఉంది. ఎజ్రా ఉపవాస ప్రార్థన చేశాడు. ప్రార్థన చేశాం కదా అని అక్కడితో ఊరుకోలేదు. యాజకుల ప్రధానుల్లో 12 మందిని ఏర్పరచి, ప్రతిదీ తూచి వారి చేతికిచ్చాడు. యెరూషలేములో మళ్లీ తూచి అప్పగించేవరకు కాపాడమన్నాడు. వెళ్లాక ఊరియా కుమారుడైన మెరేమోతు చేతికి, మరి ముగ్గురి సమక్షంలో, లెక్కప్రకారం తూకంప్రకారం ఇచ్చారు. బరువంతా రాసుకున్నారు. ప్రార్థనా తూకమూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదని ఎజ్రా అనుకోలేదు.

కొరింథులోని సంఘానికి రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు కూడా యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన సొమ్మును తనొక్కడే పట్టుకు వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకున్నాడు. దేవుని యెదుట మాత్రమే గాక మనుషుల యెదుట కూడా తన పని నిందలేకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. పౌలుపై ఎవరికో అనుమానం వచ్చి పెట్టిన షరతు కాదది. అనుమానానికి తావు లేకుండా ఆయనే చేసుకున్న ఏర్పాటు.

పొరుగు సంఘాల అనుభవం

ఈ ప్రశ్న మనకంటే ముందు ఐరోపా సంఘాల ముందుకు వచ్చింది. స్వీడన్‌లో ఒక సంఘంలో ఉపదేశకురాలిగా ఉన్న ఒక స్త్రీ, 1998 చివర్లో తన ఇంటి కంప్యూటరు మీద కొన్ని వెబ్ పేజీలు తయారుచేసింది. నిర్ధారణకు సిద్ధపడుతున్నవారికి సమాచారం సులువుగా దొరకాలన్నదే ఆమె ఆశ. అందులో తనతో పనిచేసే 18 మంది గురించి సరదాగా రాసింది. ఒక సహోదరి కాలికి దెబ్బ తగిలి సగం రోజులే పనికి వస్తోందని కూడా రాసింది. వాళ్లను అడగలేదు. అభ్యంతరం ఉందని తెలియగానే తీసేసింది. అయినా కేసు నడిచింది. 2003 నవంబర్ 6న ఐరోపా న్యాయస్థానం, కాలి దెబ్బ సంగతి కూడా ఆరోగ్య సమాచారమేనని, నలుగురూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టినది సొంత వ్యవహారం కిందికి రాదని చెప్పింది. ఉద్దేశంలో ఏ దోషమూ లేదు. అడగాలని చెప్పే బాధ్యుడు మాత్రం ఆ సంఘంలో ఎవరూ ముందుగా ఆమెకు చెప్పినట్టు లేదు.

రెండోది ఫిన్లాండ్ కేసు. ఇంటింటికీ తిరిగి బోధించే యెహోవా సాక్షులు, ఏ ఇంట్లో ఎవరున్నారు, వారి విశ్వాసం ఏమిటి, కుటుంబ పరిస్థితి ఏమిటి అని చీటీలు రాసుకునేవారు. అవి ఆయా సభ్యుల సొంత నోట్సు అని, సంస్థకు వాటితో సంబంధం లేదని వాదించారు. 2018 జూలై 10న ఐరోపా న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు. బోధ పనిని ఏర్పాటుచేసి ప్రోత్సహించేది సంస్థే గనుక, ఆ చీటీలను సంస్థ కళ్లతో చూడకపోయినా, లిఖితపూర్వకంగా ఆదేశించకపోయినా, సభ్యులతోపాటు అదీ ఉమ్మడి బాధ్యురాలేనని తేల్చింది. సిద్ధాంతంలో వారికీ మనకూ తేడాలున్నాయి. ఈ తీర్పులోని పాఠం మాత్రం ఇంటింటి దర్శనం చేసే ప్రతి సంఘానిదీ. మనం పంపితే వెళ్లిన సువార్త బృందం పుస్తకంలో ఏమి రాసుకుందో మాకు తెలియదు అనే మాట చెల్లదు.

ఇవి ఐరోపా చట్టం కింద వచ్చిన తీర్పులు, మన కోర్టులు వాటికి కట్టుబడి ఉండవు. కానీ బ్రిటన్‌లో, ఐరోపాలో కూడుకుంటున్న మన తెలుగు సహవాసాలకు ఈ విధమైన చట్టాలు నేరుగా వర్తిస్తాయి. అక్కడ ఒక వ్యక్తి మత విశ్వాసం దానంతట అదే ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం. మన దేశంలో కూడా 2018లో జస్టిస్ బీఎన్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో మత విశ్వాసం, కులం, ఆరోగ్యం సున్నితమైన సమాచారంగా వేరు చేసి ఉన్నాయి. 2023లో వచ్చిన చట్టంలో ఆ విభజన లేదు. చట్టం అన్నిటినీ ఒకే గాటన కట్టింది. ఏది ఎంత సున్నితమో ఎరిగి నడుచుకునే భారం ఇప్పుడు మన మీదే పడింది.

ఎంత మంచి సేవా సంస్థ అయినా దాడికి అతీతం కాదని 2022 జనవరిలో తేలింది. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ సర్వర్లలోకి చొరబడినవారు 5,15,000 మందికి పైగా వివరాలను చేజిక్కించుకున్నారు. యుద్ధాల్లో, వలసల్లో కుటుంబాలకు దూరమైనవారు, తప్పిపోయినవారు, నిర్బంధంలో ఉన్నవారు అందులో ఉన్నారు. సకాలంలో సరిచేయని ఒక సాఫ్ట్‌వేర్ లోపం గుండా దొంగలు లోపలికి వచ్చారు. ఆ సంస్థ దాన్ని దాచిపెట్టలేదు. లోకానికి బహిరంగంగా చెప్పింది, బాధితులకు తెలియజేసే పని మొదలుపెట్టింది. అలా చెప్పగలగడానికి కారణం, ఎవరు చెప్పాలో ముందే నిర్ణయమై ఉండడం కూడా. పేరున్న బాధ్యుడు లేనిచోట మొదట జరిగేది గుసగుస, తర్వాత దాచిపెట్టడం.

మన నేల మీద ఈ మాట బరువు

తెలుగు నాట ఈ విషయానికి మరో బరువుంది. దాన్ని నెమ్మదిగానైనా చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మాత్రమే ఉంది. క్రైస్తవులైనవారికి ఆ హోదా లేదు. మన రాష్ట్రాల్లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ ధ్రువపత్రం కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మపు రికార్డును కూడా సాక్ష్యంగా చూసి తీర్పు చెప్పింది. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న పోరాటం వేరు, అది జరగవలసిందే. ఇక్కడ మేము చెప్పేది ఇంతే. బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక వరుస, ఒక మనిషి చదువును, ఉద్యోగాన్ని, కొన్ని రాష్ట్రాల్లో భద్రతను కూడా తాకగలదు.

అబద్ధం చెప్పమని గానీ, రికార్డు మార్చమని గానీ ఏ కాపరికీ మేము సలహా ఇవ్వం. అధికారులు చట్టప్రకారం రాతపూర్వకంగా అడిగితే ఇవ్వవలసింది ఇవ్వాలి. కానీ రిజిస్టరు ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టడం, బాప్తిస్మం తీసుకుంటున్న యువతి ముఖం కనబడేలా వీడియో తీసి యూట్యూబ్‌లో ఊరూ పేరూ చెప్పడం, దాతలకు పంపే నివేదికలో పిల్లల ఫొటో కింద ఇంటి దుస్థితినంతా రాయడం సాక్ష్యం కాదు. రాజైన హిజ్కియా తన ఖజానాను బబులోను దూతలకు ఒక్కటీ దాచకుండా చూపించాడు. వారు నీ ఇంట్లో ఏమి చూశారని యెషయా వచ్చి అడిగేవరకు అందులో తప్పుందని అతనికి తోచనే లేదు. ఇప్పుడు మన సెల్‌ఫోన్‌లు ఆ ఖజానా తలుపులు.

పిల్లల విషయంలో చట్టం మరింత గట్టిగా ఉంది. 18 ఏళ్లు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి, లేకపోతే సంరక్షకులు సమ్మతించినట్టు నిర్ధారించుకోవాలి. వేసవి బైబిలు బడి ఫారంలో ఒక సంతకం గడి పెట్టడంతో మొదలయ్యే పని అది. రోగుల విషయంలో 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా ఉంది. ఒక వ్యక్తికి ఆ జబ్బున్న సంగతి నమ్మి చెప్పిన తర్వాత, వారి సమ్మతి లేకుండా వెల్లడించడం చట్టవిరుద్ధం. "ప్రార్థన కోసమే చెప్పాం" అన్నది దానికి జవాబు కాదు. దేవునికి పేరు తెలుసు. గ్రూపులో పేరు లేకుండా కూడా ప్రార్థించవచ్చు.

ఎవరికి అప్పగించాలి?

పదిమందిలో పాము చావదని మన పెద్దలు అంటారు. అందరి బాధ్యత అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. అలాగని మొత్తం పాస్టరుగారి మెడకు చుట్టడమూ తగదు. కాపరి వాక్యం చెప్పాలి, రోగుల దగ్గరికి వెళ్లాలి, సమాధి కార్యక్రమం జరిపించాలి. పైగా అన్ని రహస్యాలూ, అన్ని తాళాలూ ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ ఒక్కరికీ ప్రమాదమే, సంఘానికీ ప్రమాదమే. ఆయన బదిలీ అయిన రోజు, ఫోన్ పోయిన రోజు, దేవుడు పిలుచుకున్న రోజు సంఘం చేతిలో ఏమీ మిగలదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచడానికి కారణం ఇదే కదా.

మా సూచన మూడు మెట్లుగా ఉంటుంది. మొదటిది, జవాబుదారీ. ఇది కమిటీది, అంటే సంఘపు పెద్దలందరిదీ. దీన్ని ఎవరికీ బదిలీ చేయలేరు. రెండోది, కాపలా. ఇది ఒక్క మనిషిది, పేరుతో ఉండాలి. వివరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ మనిషి దగ్గర జాబితా ఉండాలి, తాళాలు, పాస్‌వర్డులు ఉండాలి, ఎవరేమి చూడవచ్చో తెలిసి ఉండాలి. మూడోది, వాడకం. సండే స్కూల్ టీచరు, ట్రెజరరు, యూత్ లీడరు తమ పనికి కావలసినంతే తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి, లేదా తమ ఫోన్‌లో తీసేయాలి.

కాపలా మనిషిగా ఎవరిని పెట్టాలి? కంప్యూటరు బాగా తెలిసినవాడినే పెట్టాలన్నది తొందరపాటు ఆలోచన. నెహెమ్యా 13వ అధ్యాయంలో కొట్లమీద కాపరులను నియమించినప్పుడు, వారు నమ్మదగినవారన్న పేరే వారి అర్హత. నోరు అదుపులో ఉన్నవారు, కాగితం పద్ధతిగా పెట్టుకునేవారు, పెద్దింటివారు అడిగినా "కమిటీ అనుమతి లేకుండా ఇవ్వలేనండి" అని మర్యాదగా చెప్పగలవారు కావాలి. రిటైరైన ఉపాధ్యాయురాలో, బ్యాంకులో పనిచేసిన సహోదరుడో ప్రతి సంఘంలో ఉంటారు. సాంకేతిక సాయం చేసే యవనస్తుణ్ణి వారి పక్కన పెట్టవచ్చు. అయితే పాస్టరుగారి కుటుంబంలోనివారినే ఈ పనికి పెట్టడం మంచిది కాదు. ప్రేమ తక్కువై కాదు. ప్రశ్న అడగడానికి సభ్యులు మొహమాటపడతారు గనుక.

ఇక కమిటీ చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఒక సాయంత్రం కూర్చుని, సంఘం దగ్గర ఏయే వివరాలున్నాయి, ఏ బీరువాలో, ఏ ఫోన్‌లో, ఏ కంప్యూటరులో ఉన్నాయో రాయాలి. ప్రతిదాని ఎదురుగా ఒక పేరు రాయాలి. పేరు దొరకనిది ఏదైనా ఉంటే, అది మనకు నిజంగా కావాలా అని అడగాలి; అక్కరలేనిదాన్ని తీసేయడమే దానికి మంచి రక్షణ. శిబిరం అయిపోయాక ఆధార్ కాపీలతో మనకేమి పని? తర్వాత కాపలా మనిషి పేరు, కాలపరిమితి మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాయాలి. ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటనల్లో చెప్పాలి, నోటీసు బోర్డు మీద ఫోన్ నంబరుతో పెట్టాలి. బాధ్యుడు మారినప్పుడు ఎజ్రా చేసినట్టు ఇద్దరు సాక్షుల ముందు లెక్క చూసి అప్పగించాలి, పాస్‌వర్డులు మార్చాలి.

ఏదైనా పొక్కితే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. నియమాల ప్రకారం బాధిత సభ్యులకూ, డేటా రక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలియజేయాలి. పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి. డబ్బు మోసం జరిగి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. పాస్టరుగారి ఫొటో పెట్టుకుని, ఆయన పేరుతో "అత్యవసరంగా డబ్బు పంపండి" అని సభ్యులకు మెసేజ్‌లు పంపే మోసగాళ్లకు కావలసినది ఒక్కటే, సభ్యుల నంబర్ల జాబితా. అది వారి చేతికి వెళ్లిందని తెలిసిన గంటలో హెచ్చరిక పంపగలిగితే ఒక విధవరాలి పింఛను మిగులుతుంది. ఎవరు పంపాలో తెలియక రెండు రోజులు గడిచిపోతే మిగలదు.

సహోదరుల మధ్య ఇన్ని నియమాలు ప్రేమను చల్లార్చవా అనే ప్రశ్న నిజమైనదే. కానుకల పెట్టె ఇద్దరు కలిసి తెరిచి లెక్కపెట్టడం మన సంఘాల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఆచారం. దానివల్ల ప్రేమ చల్లారలేదు. ఇచ్చేవారికి ధైర్యం వచ్చింది. వివరాలూ అంతే. తన మాట నాలుగు గోడలు దాటదని తెలిసిన రోజున, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేక మందిరం చివరి వరుసలో కూర్చుని వెళ్లిపోతున్న మనిషి వచ్చి నోరు విప్పుతాడు. ఆ నమ్మకం ఒకసారి పోతే, ఎన్ని ఉజ్జీవ సభలు పెట్టినా ఆ మనిషి మళ్లీ రాడు.

గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ప్రతి మనిషీ దేవుని స్వరూపంలో సృజింపబడ్డాడని నమ్మే మనం, మనిషి గౌరవాన్ని కాపాడే పనిలో కోర్టు వెనక నడవడం శోభించదు. 2027 మే వరకు ఆగవలసిన అవసరమూ లేదు. వచ్చే కమిటీ సమావేశపు ఎజెండాలో ఒక అంశం చేర్చండి: "సభ్యుల వివరాలకు బాధ్యుని నియామకం." ఆ అంశం ఎదురుగా ఒక పేరు రాసేవరకు సమావేశం ముగించకండి. కాపలా కాసేవారికి, నమ్మి అప్పగించినవారికి ప్రభువు తోడైయుండును గాక.